మహేశ్వరంలో చూడటానికేముంది?

పోయిన నెల ఒక మిత్రుడు విమానం దిగి, చేతిలో ఒక పూట మిగిలిందనీ, ఈ చుట్టుపక్కల చూడదగినవి ఏవో చెప్పమనీ అడిగాడు. నేను జవాబు వెతుక్కునే లోపే అతని ఫోను ఓ జాబితా చదివేసింది: ముచ్చింతలలో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం, రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్లా, సినిమావాళ్ళకు కొట్టినపిండి అయిన నర్కూడ అమ్మపల్లి రామాలయం. వాటిమీద నాకేమీ కోపం లేదు. అమ్మపల్లి గోపురం కింద నేనూ గంటలకొద్దీ కూర్చున్నవాణ్ణే. అక్కన్న మాదన్నల కాలం నాటిదని చెప్పుకునే మహేశ్వరం శివగంగ రాజరాజేశ్వరాలయం అందులో లేకపోవడం కూడా క్షమించదగ్గదే. నా తగాదా అంతా, జాబితాలో ఎన్నటికీ చేరని రాళ్ళగురించి.

"రాళ్ళేగా!" అంటారు. ఈ ఒక్క మాటతో ఎన్ని గుట్టలు కంకరగా మారిపోయాయో లెక్కలేదు. 250 కోట్ల ఏళ్ళ వయసున్న గ్రానైటు ఇది. హిమాలయాలు దానిముందు పసిబిడ్డలు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనిపించే ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. ఒకప్పుడు అవి భూమిలోపలే ఉండేవి. పగుళ్ళ వెంట నీరు దిగి, రాతిని మెల్లగా కొరికి మొరంగా మార్చింది. కొరకలేక వదిలేసిన గట్టిముక్కలే గుండ్లు. పైనున్న మొరం కొట్టుకుపోతే అవి బయటపడ్డాయి.

ఇది వింతకోసం చెప్పడంలేదు. ఇంకా కొట్టుకుపోకుండా పొలాల కింద మిగిలిన మొరమూ, దాని అడుగున పగుళ్ళ రాయీ కలిసి ఈ ప్రాంతపు నీళ్ళతొట్టి. గుట్టమీది గుండునూ, బావిలోని నీటికి చోటునూ చేసిన పని ఒక్కటే. ఎన్.జి.ఆర్.ఐ. వారు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ళతరబడి పరిశోధించారు. భూగర్భజలశాస్త్రం చదివేవారికి ఎక్కడో పారిస్‌లో కూడా మహేశ్వరం పేరు తెలుసు (మన పర్యాటకశాఖకు తెలుసో లేదో మరి). వారు చెప్పిన సంగతి కటువైనది: ఏడువందలకు పైగా బోర్లు తోడగా తోడగా పైనున్న మొరం పొర ఎండిపోయింది. మిగిలినది కింది పగుళ్ళలోని నీరే. దాని కింద గట్టిరాయి. ఎంత లోతుకు బోరు దించినా అక్కడ దొరికేది చాలాసార్లు దుమ్మే.

ఇలాంటిచోట చెరువు చూడటానికి అందమైన నీటిమడుగు మాత్రమే కాదు. తుమ్మలూరు చెరువునుంచి నేలలోకి ఎంత ఇంకుతుందో, ఎంత ఎండకు ఆవిరవుతుందో కూడా పరిశోధకులు కొలిచారు. మన వెంచర్లవాళ్ళు కొలిచేది మాత్రం "లేక్ వ్యూ" ప్లాటుకు గజం ధర ఎంత పెంచవచ్చునన్నది!

అభివృద్ధి వద్దా అని అడగబోతున్నారు, తెలుసు. 2008లో విమానాశ్రయం వచ్చినప్పుడు సుమారు 5,500 ఎకరాలు దాని కిందికి పోయాయి. ఆ తరవాత ఇక్కడి భూములకు పలికిన ధర ఏ పంటా ఇవ్వలేదు. ఎండిన బోరు పక్కన నిలబడ్డ రైతు పొలం అమ్ముకుంటే తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను తప్పుపట్టేది అనుమతి ఇచ్చే చేతిని. 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111వ జీవో 84 గ్రామాల్లో ఆంక్షలు విధించింది. శంషాబాదు మండల గ్రామాలు కొన్ని అందులోవే. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆ ఆంక్షలను సడలించింది. ఆ జంట జలాశయాలమీద నగరం ఇప్పుడు పెద్దగా ఆధారపడటంలేదన్నది చెప్పిన కారణం. అవసరం తీరింది కనుక అమ్మ వంటిల్లు పడగొట్టవచ్చునన్నట్టుంది ఈ తర్కం!

నేనడిగేవి పెద్ద కోర్కెలు కావు. లేఅవుటుకు సంతకం పెట్టేముందు ఆ నేలమీది వాన ఏ చెరువుకు పోతుందో నకషామీద గీయమనండి. గుట్టను కొట్టేముందు దానిని వారసత్వ శిలగా గుర్తించాలేమో ఒకసారి చూడమనండి. జాబితాలో "చూడదగినవి" అన్నచోట తుమ్మలూరు చెరువును చేర్చమనండి.

మిత్రుణ్ణి ఆ పూట ఓ గుట్ట చూపిద్దామని తీసుకువెళ్ళాను. రెండేళ్ళకిందట నేను ఎక్కిన గుట్టే. దారి తప్పాననుకుని గొర్రెలకాపరిని అడిగితే, "దారి గదే సారూ, గుట్టనే లేదు" అన్నాడు. అతని వెనక క్రషరు నడుస్తూనే ఉంది. మరోటి మిగిలే ఉంది. విమానానికి వెళ్ళే పని ఉన్నవారు ఓ రెండు గంటలు ముందు బయలుదేరితే నేను వచ్చి చూపిస్తాను. కాస్త తొందరగా రండి.