ఊటకు తొట్టి, కొండకు లీజు

ఊటను గురించి మన విద్యావంతులలో రెండు తప్పుడు భావాలు పాతుకుపోయి ఉన్నాయి. ఒకటి భక్తునిది, రెండవది కాంట్రాక్టరుది. భక్తునికి ఊట దేవుని మహిమ. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుని పాదాల చెంత నీరు ఉబికితే అతడు చేతులు జోడిస్తాడు. మహానంది కోనేటి నీటికి మూలం నల్లమల మీద కురిసే వాన అని అతనికి తోచదు. కాంట్రాక్టరుకు ఊట అంటే కొండ వాలులో ఒక కన్నం. దానికి సిమెంటు తొట్టి కట్టి, గొట్టం బిగించి, బిల్లు పెట్టుకుంటే పని ముగిసింది. మన భావకవులు కూడా సెలయేటి పాటను విన్నారేగాని, ఊట దగ్గర బారులు తీరిన బిందెలను చూడలేదు.

ఆ నీరు కొండలోకి ఎక్కడ దిగింది? ఎంతకాలం నిలిచింది? ఏ రాతి పొరను దాటి వచ్చింది? ఈ ప్రశ్నలు వేయనివాడు ఊటను కాపాడలేడు. ఊట నోటికి ఎంత అందంగా గోడ కట్టినా, పైనున్న కొండ పరాధీనమైతే ఆ గోడ సమాధి రాయిగానే మిగులుతుంది.

విశాఖ మన్యం కొండలను తీసుకోండి. అవి ప్రధానంగా ఖొండలైటు రాతితో ఏర్పడినవి. యుగాల ఎండకూ వానకూ ఆ రాయి మాగి, కొండ నెత్తిన లాటరైటు, బాక్సైటు పొరలుగా మారింది. ఆ పొరలు గుల్లబారి ఉంటాయి. వాన నీరు వాటిలోకి దిగుతుంది. అడుగున బంకమట్టిలా మారిన రాయి అడ్డు తగలడంతో నీరు పక్కకు మళ్ళి, వాలులో ఊటగా బయటపడుతుంది. జూన్ మొదలు అక్టోబరు దాకా కురిసినదాన్ని దాచి, ఎండాకాలానికి కొంచెం కొంచెంగా కొలిచి ఇచ్చే గాదె ఆ కొండ. ఊటలు గెడ్డలవుతాయి, గెడ్డలు నదులవుతాయి. గోస్తని, శారద నదులు అనంతగిరి కొండల్లో పుట్టినవే. గోస్తని మీది తాటిపూడి, శారద మీది రైవాడ జలాశయాల నుంచి విశాఖపట్నానికి నీరు పోతున్నది. మన్యంలో కుండ నింపుకొనే గిరిజన స్త్రీకీ, విశాఖలో కొళాయి తిప్పే కార్మికునికీ నీళ్ళిచ్చే గాదె ఒక్కటే. ఇది గిరిజనుల గోడు, మనకేమిటి అనుకునే పట్టణవాసులు ఈ సంగతి గ్రహించాలి.

మరి చట్టం ఏమంటున్నది? నిర్ణీతమైన కాలువగా పారకుండా భూమి కింద ఉండే నీటిని, తన హద్దుల లోపల సేకరించి వాడుకొనే హక్కు భూమి యజమానిదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పింది. దొరలు పోయారు, వారి సూత్రం నిలిచింది. భూమి ఎవరిదో నీరూ వారిదే! తవ్విన ఖనిజానికి రాయల్టీ కడతారు. ఎండిన ఊటకు ఎవరు ఏమి కడతారు?

2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 97వ నంబరు ఉత్తర్వు జారీచేసి, చింతపల్లి, జెర్రెల ప్రాంతాలలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైటు తవ్వకాలకు మళ్ళించబోయింది. మన్యం ఎదురు తిరిగింది. ఉత్తర్వును ముందు నిలిపివేశారు, 2019లో రద్దు చేశారు. బొర్రా ప్రాంతపు గనుల లీజుల నుంచి పుట్టిన సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లోనే తీర్పు చెప్పి ఉన్నది. 2013లో నియంగిరిలో పన్నెండు గ్రామసభలు జరిగితే పన్నెండూ బాక్సైటు గనిని తిరస్కరించాయి. నియంగిరి ఒడిశాలోది గదా అనకండి. శ్రీకాకుళం రైతు పొలాన్ని తడిపే వంశధారకు ఆ కొండల వాగులూ నీరిస్తున్నాయి. ఇవి ప్రజల విజయాలు. కాని రద్దయిన ఉత్తర్వు మరో నంబరుతో తిరిగి రావచ్చు. నెత్తి తెగిన కొండకు మరో నెత్తి మొలవదు.

అభ్యుదయాన్ని కోరే మిత్రులే కొందరు అడుగుతారు: అల్యూమినియం లేకుండా పరిశ్రమలెక్కడివి? ఊటల కోసం దేశాన్ని వెనక్కు నడిపిస్తారా? వారు ఎంగెల్స్‌ను మరొకసారి చదవాలి. వానరుడు నరుడు కావడంలో శ్రమ పాత్రను గురించి 1876లో రాసిన వ్యాసంలో, ఆల్ప్స్ వాలుల మీది అడవిని నరికినవారు తమ కొండ ఊటలకే ఏడాదిలో ఎక్కువకాలం నీరు లేకుండా చేసుకున్నారని ఆయన ఉదాహరించారు. ప్రకృతి మీద సాధించామనుకొనే ప్రతి గెలుపుకూ అది ప్రతీకారం తీర్చుకుంటుందని హెచ్చరించింది సన్యాసి కాదు, భౌతికవాది.

తవ్వితే నేల గుల్లబారి నీరు ఇంకా బాగా ఇంకుతుందని గనుల పక్షం నిపుణులు మరో వాదం తెచ్చారు. ఇంకడం వేరు, నిలవడం వేరు. కుండను సగానికి కోసి, మూతి వెడల్పయింది గనుక ఎక్కువ నీళ్ళు పడతాయని చెప్పేవాడిని ఏ ఇల్లాలైనా నమ్ముతుందా?

ఇంత వాదం జరుగుతున్నా మన చేతిలో లెక్కలు లేవు. దేశంలో 50 లక్షల ఊటలుంటాయనీ, అందులో 30 లక్షలు హిమాలయ ప్రాంతంలోనివేననీ, ఆ ప్రాంతంలో దాదాపు సగం ఎండిపోతున్నాయనీ నీతి ఆయోగ్ 2018 నివేదిక చెప్పింది. అది అంచనా మాత్రమే. ఊటల గణన ఈ మధ్యనే తలపెట్టారు. మంచిదే. అయితే ఊట నోళ్ళను లెక్కపెట్టి, వాటికి నీరిచ్చే కొండభాగాన్ని పటంలో గుర్తించకపోతే ఆ గణన చచ్చేవారి జాబితా అవుతుంది. సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ కార్యక్రమం ఊట దగ్గర ఆగలేదు. పైన నీరింకే చోటేదో భూగర్భ శాస్త్రం సాయంతో పోల్చుకుని అక్కడ కందకాలు తవ్వించింది. ఎండుతున్న ఊటలు కొన్ని కోలుకున్నాయి.

ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. పది లీటర్ల బకెట్టు, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం చాలు. బకెట్టు 20 సెకండ్లలో నిండితే రోజుకు 43,200 లీటర్లు. మనిషికి 55 లీటర్ల లెక్కన 785 మందికి సరిపోతుంది. అదే ఊట మే నెలలో బకెట్టు నింపడానికి 100 సెకండ్లు తీసుకుంటే 157 మందికే వస్తుంది. కార్తీకంలో ఒక్కసారి కొలిచి, నీరు పుష్కలమని రాసే నివేదిక ఎంత అబద్ధమో ఈ లెక్కే చెబుతుంది. నెలనెలా కొలవాలి. వానను పక్కన వేసి చూడాలి. వాన పడిన ఎన్ని రోజులకు ఊట పెరుగుతుందో, ఎంత నెమ్మదిగా తగ్గుతుందో గమనిస్తే కొండ కడుపు ఎంత లోతో తెలుస్తుంది.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. శవర భాషను శవరుల నోటనే నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. మన కళాశాలల భూగర్భశాస్త్ర, భూగోళశాస్త్ర ఉపాధ్యాయులకు ఆ దారి తెలియనిది కాదు. ఏ ఊట ఏ నెలలో సన్నగిల్లుతుందో అక్కడి ఆడవాళ్ళకు తెలుసు. ఆ తెలివికి కొలతను జోడించడమే శాస్త్రం చేయవలసిన పని. ఆ పుస్తకం విశ్వవిద్యాలయపు బీరువాలో మగ్గకూడదు. గ్రామసభ చేతిలో ఉండాలి. ఊట ఏది, దానికి నీరిచ్చే కొండభాగం ఏది అన్న పటం ప్రతి గ్రామసభ దగ్గరా ఉండాలి. ఆ పటం ముందుపెట్టి గ్రామసభ సమ్మతి పొందనిదే ఏ కొండనూ, ఏ కంపెనీకీ, ఏ ప్రభుత్వమూ అప్పగించరాదు. రేపు మరో లీజు కాగితం వచ్చేనాటికి మన దగ్గర ఉండవలసినవి నినాదాలొక్కటే కాదు, పన్నెండు నెలల కొలతలు కూడా. వచ్చే సెలవులలోనే ఆ పని మొదలుపెట్టండి.