పుట్టిన సంవత్సరం కాదు, బండి కింద చూడండి

ఇరవై ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలైంది. అంతకుముందు ఐదు వేలు. 2022 ఏప్రిల్‌కి ముందైతే 600తో పనైపోయేది. మా ఇంట్లో ఉన్నది 1984 అంబాసిడర్, పెట్రోలు బండి. నాన్న పత్తి వ్యాపారం చేసే రోజుల్లో కొన్నది. కట్టలేక రాస్తున్న మాట కాదిది, ఫీజు కడతాను. ఆ పదివేలకీ, బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందా లేదా అన్నదానికీ సంబంధం ఏమిటన్నదే నా గొడవ.

కిందటేడు మిరప కోతలప్పుడు మా బండి కదిలేటప్పుడల్లా కింద టక్కుమనడం మొదలుపెట్టింది. రివర్సులో ఇంకాస్త గట్టిగా. సత్తెనపల్లి రోడ్డు మీద యాభై దాటితే సీటు కింద అదురు. పెదకూరపాడులో మాకు అలవాటైన మెకానిక్ కుర్రాడు బండి కిందికి దూరి, ప్రొపెల్లర్ షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "వెనక క్రాస్ పోయింది బాబాయ్" అన్నాడు.

అంబాసిడర్‌కి ఇంజను ముందుంటుంది, బండిని తోసేవి వెనక చక్రాలు. మధ్యలో ఆ బలం మోసేది ఈ షాఫ్టే. దానికి రెండు చివర్లా రెండు క్రాస్‌లు. ఒక్కో క్రాస్‌కి నాలుగు గిన్నెలు, ఆ గిన్నెల్లో సూదుల్లాంటి సన్నటి రోలర్లు. గ్రీజు అందడం మానేస్తే సూదులు అరిగి తుప్పుపొడి అవుతాయి. మాది లాక్‌లు తీసి గిన్నె ఊడబెరికితే సూదులు సగమే కనబడ్డాయి. మిగతాదంతా ఎర్రటి పొడి. నడుస్తుండగా క్రాస్ విరిగితే షాఫ్టు రోడ్డు మీద పడుతుంది. విరిగింది ముందు క్రాసైతే షాఫ్టు నేలకి గుచ్చుకుని బండినే ఎత్తి పడేయొచ్చు.

పోయింది ఒకటే అయినా రెండూ మార్పించాను. ఆ కుర్రాడు విప్పే ముందే షాఫ్టు మీదా, ఫ్లాంజి మీదా సుద్దతో గీత పెట్టుకున్నాడు. మళ్లీ బిగించేటప్పుడు గీతకి గీత కలవాలి, లేకపోతే కొత్త క్రాస్ వేసినా అదురు పోదు.

అసలు కష్టం వెనక చక్రాల మధ్యనుండే డిఫరెన్షియల్ హౌసింగ్‌తో వచ్చింది. యాక్సిలరేటర్ నొక్కితే ఒక అరుపు, వదిలితే ఇంకో అరుపు. అందులోని క్రౌన్, పినియన్ పళ్లచక్రాలు అరిగాయన్నమాట. ఈ రెంటినీ ఫ్యాక్టరీలోనే జతగా కలిపి పళ్లు సానపడతారు, కాబట్టి మారిస్తే జతగానే మార్చాలి. గుంటూరు ఆటోనగర్‌లో ఒక కొట్టతను చవగ్గా పినియన్ ఒక్కటే ఇస్తానన్నాడు. వద్దన్నాను. చివరికి పాత హౌసింగ్‌లోంచి తీసిన మంచి జత ఒకటి దొరికింది. పళ్లకి నీలం రంగు పూసి, తిప్పి, ఎక్కడ ఆనుతున్నాయో చూసి, షిమ్ మార్చి మళ్లీ తిప్పి చూడటంతోనే పొద్దుగూకింది. ఖర్చు ఆ ఫీజుని మించింది.

ఇదంతా చేయించిన బండికీ పదివేలే, చేయించని బండికీ పదివేలే.

వింటేజ్ నిబంధనల్లో దారి ఉందేమో అనుకుంటే, 2021లో తెచ్చిన ఆ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకే. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా ఉండాలి. కొత్తగా నమోదుకి 20,000. పైగా రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు. మా బండికి ఆ యోగం 2034లో. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో కాబట్టి, ఆ 2034 కల్లా దేశంలో ఉన్న ప్రతి అంబాసిడరూ పదివేల గీత దాటేస్తుంది. వారసత్వం అనిపించుకోవడానికి వయసు చాలదు, మామూలు బండి అనిపించుకోవడానికి వయసు ఎక్కువ.

పాత ఇంజన్లు పొగ ఎక్కువ వదులుతాయన్న మాట నిజమే, నేను కాదనను. అయితే పొగని మిషను పెట్టి కొలవొచ్చు కదా. పగలూ రాత్రీ బాడుగకి తిరిగి హౌసింగ్ మూలుగుతున్న ఏడేళ్ల కారు కంటే, పెళ్లిళ్లకీ అమరావతికీ తప్ప షెడ్డు దాటని మా బండి ఎక్కువ ప్రమాదమని పుట్టిన సంవత్సరం చూసి తేల్చడం ఏం న్యాయం?

రవాణా శాఖని అడిగేది ఇంతే. రెన్యూవల్‌కి వచ్చిన పాత బండిని లిఫ్టు ఎక్కించండి. క్రాస్‌లు, హౌసింగ్, ఆయిల్ సీళ్లు, క్లచ్, బ్రేకులు చూడండి. మార్చిన సామాను బిల్లులు రికార్డులో పెట్టండి. బాగాలేకపోతే ఎవరిదైనా ఆపేయండి. బాగుంటే మామూలు ఫీజే తీసుకోండి.

ముచ్చటపడి పాత అంబాసిడర్ కొనబోయే వాళ్లకి కూడా ఒక మాట. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టు చేత్తో తిప్పి చూడండి. క్రాస్ దగ్గర ప్లే కనిపిస్తే ముందుగా క్రాస్‌లు మార్పించండి. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.