స్టార్ లేని క్రిస్మస్

డిసెంబర్ వచ్చిందంటే మా గోదావరిఖనిలో క్రైస్తవుల ఇల్లు ఏదో ఎవరినీ అడగక్కర్లేదు. డాబా మీద స్టార్ వెలుగుతుంటుంది. మా ఇంటి స్టార్ కట్టడం బాపు డ్యూటీ. బొగ్గుబాయిలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి కూడా నిచ్చెన ఎక్కేవాడు.

2024లో మాత్రం స్టార్ లేదు. ఎందుకంటే కట్టడానికి సొంతిల్లే లేదు.

బాపు ఒక దోస్తు లోన్‌కు జమానత్ ఉన్నాడు. ఆయన కట్టలేదు. ఆ కిస్తీల కోసం బాపు మాకు తెలియకుండా బయట వడ్డీకి తెచ్చాడు. మాకు తెలిసేసరికి రిటైర్మెంట్ డబ్బులు పోయాయి, ఇల్లు కూడా అమ్మాల్సి వచ్చింది. చిన్నమ్మ వాళ్లు దగ్గర్లో ఉంటారని మంచిర్యాలలో రెండు గదుల కిరాయి ఇంటికి మారాం. ఇంకా మిగిలిన అప్పు కోసం బాపు ఒక అపార్ట్‌మెంట్‌లో రాత్రి వాచ్‌మన్‌గా చేరాడు. నేను హైదరాబాద్ నుంచి వారం వారం వచ్చేవాణ్ణి గానీ బాపుతో మాట్లాడేవాణ్ణి కాదు. అట్లా నాలుగు నెలలు.

"ఈసారి స్టార్ గీర్ ఏం వద్దు బిడ్డా. కిరాయింట్ల మొల కొడ్తే ఓనర్ ఊకుంటడా?" అంది అమ్మ. క్యారల్స్ వాళ్లు వస్తారేమో అని ముందుగదిలో లైటు కూడా తీసేసింది. వాళ్లకు ఇయ్యడానికి కేకు లేదని ఆమె బాధ.

క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనలో వాక్యం చదవమని పాస్టర్‌గారు నాకు చెప్పారు. ప్రాక్టీస్ కోసం ఫోన్‌లో మత్తయి సువార్త తెరిచాను. చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ ఆ రోజు ఒకటి తట్టింది. ఇందులో యోసేపు ఒక్క మాట కూడా మాట్లాడడు! మిగతా సువార్తలూ వెతికాను. ఎక్కడా లేదు. హేరోదు బిడ్డను చంపాలని చూస్తున్నాడని కలలో తెలియగానే రాత్రికి రాత్రే లేచి, తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు బయల్దేరతాడు. అంతే.

అంటే యేసు పుట్టగానే ఆ కుటుంబం కష్టాలు తీరిపోలేదన్నమాట. పుట్టేటప్పుడు సత్రంలో చోటు లేదు. పుట్టాక సొంత దేశంలోనే చోటు లేదు. మనం మాత్రం అప్పులు తీరాక, గొడవలు చల్లారాక, అన్నీ సెట్ అయ్యాక పండుగ చేసుకుందాం అనుకుంటాం. ఇమ్మానుయేలు అంటే 'దేవుడు మనకు తోడు' అని. కష్టం తీరాక తోడు ఎందుకు? తోడు కావాల్సింది కష్టంలోనే కదా.

ఆ రాత్రి ప్రసంగంలో పాస్టర్‌గారు మెదక్ చర్చి గురించి చెప్పారు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఆ చర్చికి సరిగ్గా నూరేళ్లు నిండుతున్నాయి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ దొర దాన్ని కట్టించాడని మా పెద్దవాళ్లు చెప్తారు. ఇప్పుడు మనం సెల్ఫీలు దిగే ఆ గోడల వెనక ఆకలి ఉంది.

తర్వాత లూకా సువార్త చదివారు. శుభవార్త ముందు అందింది గొర్రెల కాపరులకు. ఆ రాత్రి మందకు కాపలా కాస్తున్నవాళ్లకు. అక్కడ నాకు గొంతు పట్టేసింది. మా బాపు కూడా ఆ టైమ్‌లో కాపలాలోనే ఉన్నాడు.

ఆరాధన అయ్యాక ఫ్లాస్క్‌లో చాయ్ పోయించుకుని అపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. బాపు గేటు దగ్గర మఫ్లర్ చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"బాపు, చాయ్ తాగు."

రెండు గుటకలు తాగి, "చెప్పాల్సుండె రా మీకు. భయమైంది" అన్నాడు.

"చెప్పాల్సుండె" అన్నాను నేను కూడా.

అది తప్పు కాదని ఇప్పటికీ అనను. యోసేపు మౌనం వేరు, బాపు దాచిపెట్టడం వేరు. కానీ మనిషి తప్పు చేశాడని అతన్ని చలిలో ఒంటరిగా వదిలేస్తే, నేను చదివిన వాక్యానికి అర్థం ఏముంది? తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను.

అప్పు ఇంకా ఉంది. ఇల్లు ఇంకా కిరాయిదే. ఈ డిసెంబర్‌లో మాత్రం బాపు స్టార్ తెచ్చాడు. కిటికీ ఊచలకు దారంతో కట్టాం. మొల అవసరం పడలేదు.

మీ ఇంట్లో కూడా ఈ పండక్కి మాటల్లేని మనిషి ఎవరైనా ఉంటే, స్టేటస్ పెట్టే ముందు ఒక చాయ్ తీసుకెళ్లండి.