నడుంనొప్పి, నల్లమందు, నాలుగు మాటలు

సింగపూర్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే కండోల ధరలు, పిల్లల పీఎస్‌ఎల్‌ఈ, పీఆర్ కబుర్లు అయ్యాక తప్పకుండా వచ్చే విషయం ఒకటుంది. నడుంనొప్పి, మెడనొప్పి! రోజుకు పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాలు మరి. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేకంగా చోటు కల్పించింది. నొప్పే ఒక్కోసారి జబ్బు అని ఒప్పుకోవడానికి వైద్యలోకానికి ఇన్నాళ్ళు పట్టిందన్నమాట.

ఫిజియోథెరపీ, మామూలు మాత్రలు, పిన్నిగారు పంపిన తైలం అన్నీ అయ్యాక కొందరికి ట్రమడాల్, కోడీన్, మార్ఫిన్ లాంటి మాటలు వినబడతాయి. ఇవి నల్లమందు నుంచి వచ్చినవి, లేదా దానిలాగే పనిచేసేలా తయారుచేసినవి. వీటిని ఓపియాయిడ్లు అంటారు. ఈ మాట వచ్చేసరికి డాక్టరు గదిలో ఇద్దరికీ ఇబ్బందే. అడిగితే మత్తుకు అలవాటుపడ్డాననుకుంటారేమోనని రోగికి భయం, రాస్తే ఎక్కడికి దారితీస్తుందోనని డాక్టరుకు భయం. ఈ భయాలకు పెద్ద చరిత్రే ఉంది.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో భారతదేశం ఒకటి. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. అయినా 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, లైసెన్సుల చిక్కులు, శిక్షల భయం కలిసి మార్ఫిన్‌ను ఆసుపత్రుల నుంచి దాదాపు మాయం చేశాయి. 1985లో దేశం మొత్తం మీద వందల కిలోలున్న వాడకం 1997కల్లా 18 కిలోలకు పడిపోయింది. ఈ మధ్యకాలంలో మన ఊళ్ళలో క్యాన్సర్‌తో పోయిన పెద్దవాళ్ళని తలుచుకుంటే ఈ అంకెకు అర్థం తెలుస్తుంది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2009 నివేదిక దీని గురించే. అప్పటికే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం పనిచేస్తోంది. కానీ దేశంలోని చాలా ప్రాంతీయ క్యాన్సర్ ఆసుపత్రులలో అదీ లేదు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివారు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టాన్ని సవరించి లైసెన్సులు సులభం చేశారు. మళ్ళీ 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు.

అమెరికాలో కథ తిరగబడింది. 1996లో ఆక్సికాంటిన్ మార్కెట్లోకి వచ్చింది. అలవాటయ్యే ప్రమాదం తక్కువని కంపెనీ చెప్పింది, డాక్టర్లు నమ్మారు. ఆ తర్వాత జరిగిన ఘోరం అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది రెండో అంకం. 2016లో అక్కడి సీడీసీ జాగ్రత్తల కోసం ఇచ్చిన మార్గదర్శకాలను కొన్ని చోట్ల కఠిన నియమాల్లా అమలు చేశారు. ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళకు ఉన్నట్టుండి మందు ఆపేశారు. అలా హఠాత్తుగా ఆపితే తీవ్రమైన బాధ, ఆత్మహత్య ఆలోచనలు కూడా కలగవచ్చని 2019లో ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ తన మార్గదర్శకాలను సవరించింది.

ఇక సింగపూర్. మత్తుమందుల రవాణాకు మరణశిక్ష ఉన్న దేశం ఇది. వైద్య అవసరానికి మార్ఫిన్ ఇవ్వడం మాత్రం ఇక్కడ చట్టబద్ధమే. క్యాన్సర్ రోగులకు, హోస్పిస్ సేవల్లో ఉన్నవారికి ఇస్తారు. క్యాన్సర్ కాని నొప్పుల విషయంలో జాగ్రత్త చాలా ఎక్కువ. 2021లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ వీటి వాడకంపై జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ జాగ్రత్తను పిరికితనం అనుకోనక్కర్లేదు. 2018లో అమెరికాలో వెలువడిన స్పేస్ అధ్యయనంలో, నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని ఏడాదిపాటు గమనించారు. ఓపియాయిడ్లు వాడినవాళ్ళు మామూలు మందులు వాడినవాళ్ళ కంటే మెరుగ్గా ఏమీ లేరు. 2023లో ఆస్ట్రేలియా అధ్యయనం కొత్తగా వచ్చిన నడుము, మెడ నొప్పులకు కూడా ఇవి ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ పనిచేయలేదని తేల్చింది.

కనుక డాక్టరు వద్దంటే కారణం ఉండవచ్చు. ఆ కారణం చెప్పకుండా "ఓర్చుకోండి" అని పంపించేయడం మాత్రం వేరే సంగతి. ఇక్కడే మన తప్పు కూడా కొంత ఉంది. డాక్టరుగారిని ప్రశ్నించడం మర్యాద కాదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. సింగపూర్ చట్టం మాత్రం అడిగే రోగి పక్షానే ఉంది. 2019 జనవరిలో ఒక ఎముకల డాక్టరుకు, మణికట్టు నొప్పికి ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల రాగల ఇబ్బందులు ముందుగా చెప్పలేదని లక్ష డాలర్ల జరిమానా పడింది. డాక్టర్లంతా ఉలిక్కిపడ్డారు. అదే ఏడాది జూలైలో కోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. తర్వాత పార్లమెంటు చేసిన సవరణ 2022 జూలై నుంచి అమల్లో ఉంది. నిర్ణయం తీసుకోవడానికి రోగికి సహజంగా కావలసిన సమాచారంతో పాటు, ఫలానా విషయం తనకు ముఖ్యమని రోగి తెలియజేస్తే దాన్ని కూడా డాక్టరు పట్టించుకోవాలని దాని సారాంశం. అంటే మీరు అడిగినదానికి బరువుంది.

ఏం అడగాలి? నొప్పికి పదికి ఎన్ని మార్కులని చెప్పడం కంటే, దేనికి అడ్డుపడుతోందో చెప్పడం ఎక్కువ పనికొస్తుంది. ఎంఆర్‌టీలో ఎంతసేపు నిలబడగలుగుతున్నారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపడుతోంది, పాపను ఎత్తుకోగలుగుతున్నారా. మందు రాస్తే ఎన్నాళ్ళకి, ఏ మార్పు కనబడితే కొనసాగిస్తారు, ఆపేటప్పుడు ఎలా తగ్గిస్తారు అని అడగండి. మలబద్ధకం గురించి సిగ్గుపడకుండా అడగండి, ఈ మందులతో అది మామూలే. నిద్రమాత్రలు, మద్యం సంగతి దాచకండి. వీటితో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణానికే ముప్పు. ఫ్యామిలీ డాక్టరు వల్ల కాకపోతే సింగపూర్ జనరల్ హాస్పిటల్, టాన్ టాక్ సెంగ్ వంటి ఆసుపత్రులలో నొప్పికే ప్రత్యేక క్లినిక్‌లున్నాయి, పంపమని అడగవచ్చు.

ఇంకో మాట, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు, అత్తమామల గురించి. మందుల సంచీ లేకుండా వాళ్ళు విమానం ఎక్కరు కదా! మార్ఫిన్, ఫెంటనిల్, ఆక్సికోడోన్ లాంటి నియంత్రిత మందులు, కొన్ని రకాల నిద్రమాత్రలు సొంతానికైనా సరే, తెచ్చుకోవాలంటే హెల్త్ సైన్సెస్ అథారిటీ అనుమతి ముందే ఉండాలి. మాత్రల అట్ట మీద ఉండే కంపెనీ పేరు చాలదు, లోపలి మందు పేరు చూడాలి. ప్రిస్క్రిప్షన్ ఫోటో తెప్పించుకుని ఆ సంస్థ జాబితాతో సరిచూసి, టికెట్ కొన్న వారంలోనే దరఖాస్తు పెట్టేయండి.