ముడతల సూదికి ముందు ఒక్క మాట

తంబళ్లపల్లె, మదనపల్లె వైపు టమోటా తోటల్లో, వేరుశనగ చేలల్లో ఎండకు పనిచేసే వారికి నుదుటిపై గీతలు త్వరగా పడతాయి. అది జబ్బు కాదు. అయినా ఇంట్లో పెళ్లి దగ్గరపడితే ముడతలు పోయే సూది గురించి అడిగేవారున్నారు. వారిని ఎగతాళి చేయడం తగదు. తెలుసుకోకుండా వేయించుకోవడం మాత్రం మంచిది కాదని మా అభిప్రాయం.

ఈ మందు బొటులినం టాక్సిన్. బొటాక్స్ అనేది ఒక కంపెనీ పెట్టిన పేరు. నరం నుండి కండరానికి వెళ్లే ఆజ్ఞను ఇది కొంతకాలం ఆపుతుంది. కండరం వదులై గీత తగ్గుతుంది. ఇది మొదట కంటి మందు. కనురెప్పలు బిగుసుకుపోయే రోగులకు దీనిని ఇస్తూ, వారి కనుబొమల మధ్య ముడతలు తగ్గడాన్ని కెనడా కంటి వైద్యురాలు జీన్ కరథర్స్ 1987లో గమనించారు. అమెరికాలో కంటి జబ్బులకు 1989లో, ముడతలకు 2002లో అనుమతి లభించింది.

వేయించుకోదలచినవారు బ్యూటీ పార్లరుకు కాక, అర్హతగల చర్మ వైద్యుని వద్దకు వెళ్లాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది వద్దు. కండరాల నీరసం జబ్బు ఉన్నా, జెంటామైసిన్, అమికాసిన్ సూదులు వేయించుకుంటున్నా ముందే చెప్పండి. గుండెకు వాడే ఆస్పిరిన్‌ను సొంతంగా మానకండి. మందు సీసా సీలు, గడువు తేదీ చూపమని అడగండి. అది మీ హక్కు.

సన్నని సూదితో కొన్నిచోట్ల పొడుస్తారు. తరువాత నాలుగు గంటలు పడుకోకూడదు, ఆ చోట రుద్దకూడదు. గుణం మూడు నుండి ఐదు రోజుల్లో మొదలై రెండు వారాలకు పూర్తవుతుంది. కనుక పెళ్లికి ముందురోజు వేయించుకుంటే ప్రయోజనం లేదు. మూడు నాలుగు నెలలకు గీతలు తిరిగి వస్తాయి, ఖర్చూ తిరిగి వస్తుంది. ఒక్కోసారి కనురెప్ప వాలి, కొన్ని వారాలకు సర్దుకుంటుంది. మింగడం, మాట్లాడటం, ఊపిరి కష్టమైతే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

షుగరు, బీపీ మాత్రలకు డబ్బు చాలని ఇంట్లో ఈ ఖర్చు తగదని మేము నిర్మొహమాటంగా చెబుతాము.

మరొక సంగతి. కన్ను అదిరితే శకునమని మనవాళ్లు అంటారు. అప్పుడప్పుడు అదరడం ప్రమాదం కాదు. కానీ రెండు కళ్లూ పదేపదే గట్టిగా మూసుకుపోయి, నడవడానికే ఇబ్బంది పడేవారికి ఇదే సూది వైద్యం. మీ ఇంట్లో అలాంటి అవ్వ, తాత ఉంటే శకునమని ఊరుకోక కంటి వైద్యునికి చూపించండి.