లాల్‌పేట్ రాళ్ళు మన సంఘం ఎజెండాలో ఎందుకు లేవు?

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, చాయ్ పెట్టుకుని చదవండి. నాగ్‌పూర్ మ్యూజియం ఫోటోలు గ్రూపులో పెట్టినప్పటి నుంచి రకరకాల మాటలు వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే ఓపిక లేదు. అందుకే ఆ రోజు పోయిన తొమ్మిది మందిమి కలిసి ఈ పోస్టు రాస్తున్నాం. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన రాబోతోంది. విహారయాత్ర పద్దు తీసేసి, ఆ డబ్బును స్వాగత తోరణానికి కలపాలట. మేము దీనికి చెయ్యి ఎత్తం. పద్దు ఉంచాలి అనడమే కాదు, ఆ డబ్బుతో మొట్టమొదట పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలో కూడా చెప్తాం.

ముందు నాగ్‌పూర్ సంగతి. పోనివాళ్ళే ఎక్కువ మాట్లాడుతున్నారు కాబట్టి చెప్పాలి. పొద్దున ఐదున్నరకు ఒక క్రూజర్ బండిలో బయలుదేరాం. పెద్దవాళ్ళం తొమ్మిది మంది, పిల్లలు నలుగురు. పులిహోర, సకినాలు ఇంటి నుంచే కట్టుకున్నాం. సంఘం పద్దులోంచి పోయింది బండి కిరాయి ఒక్కటే, టికెట్లు, చాయ్‌లు మా జేబుల్లోంచి. "సంఘం పైసలతో షికారు" అన్నవాళ్ళు ఖజాంచీ అన్న దగ్గర రసీదు చూసుకోవచ్చు.

నాగ్‌పూర్ సెంట్రల్ మ్యూజియం 1863లో మొదలైంది. అక్కడి జనం ఇప్పటికీ దాన్ని అజబ్ బంగ్లా అనే పిలుస్తారు. పిల్లలు జంతువుల గదిలోంచి కదలమంటే కదల్లేదు, ఆయుధాల గదిలో అయితే చెయ్యి పట్టుకుని గుంజుకు రావాల్సి వచ్చింది. గోండుల, ఇతర ఆదివాసుల వస్తువులున్న చోట మాత్రం ఆడవాళ్ళు చాలాసేపు నిలబడ్డారు. అక్కడి గంపలు, నగలు చూసి "ఇవి మా అమ్మమ్మ ఇంట్ల ఉండేటియి" అని ఒకరికొకరు చూపించుకున్నారు.

మేము ఎక్కువసేపు ఉన్నది శిల్పాల దగ్గర. వాటిలో చాలావరకు మనిషి నడుము ఎత్తు, మహా అయితే ఛాతీ ఎత్తు. ముక్కు పోయినవి, చేతులు విరిగినవి. అయినా కింద పీఠం ఉంది, పక్కన చీటీ ఉంది, ఎవరైనా దగ్గరికి పోయి చెయ్యి వేయబోతే వద్దని చెప్పే మనిషి ఉన్నాడు. మాతో ఒక కాక వచ్చాడు. ముప్పై ఏళ్ళు బొగ్గు బాయిలో పని చేసి రిటైర్ అయినాయన. చీటీలు చదవకుండా ఉలి జాడలు చూసుకుంటూ నడిచాడు. ఉలి ఎటు నుంచి ఎటు పోయిందో వేలితో గాలిలో గీసి పిల్లలకు చూపించాడు. చివరికి, "పూర్తిగ నున్నగ చేసిన బొమ్మల చేతిపని దాగిపోతది. సగంల ఆపిన దాంట్లనే కనబడతది. మన పేటల రాళ్ళు చూడుండ్రి, తెలుస్తది" అన్నాడు.

తిరుగు ప్రయాణం అంతా ఇదే మాట. బండిలో ఉన్న నలుగురు పిల్లల్లో ఇద్దరు ఆ రాళ్ళను అసలు చూడలేదు. మూడోవాడికి అది బంతి పోతే వెతుక్కునే చోటు. నాలుగో అమ్మాయి "రావణుడా?" అంది. వీళ్ళంతా ఇక్కడ పుట్టినవాళ్ళే.

కొత్తగా సంఘంలో చేరినవాళ్ళ కోసం ఆ రాళ్ళ సంగతి కొంచెం చెప్తాం. ఇప్పుడు ఆ వైపును బాబుపేట్ అనేవాళ్ళు ఉన్నారు కానీ, ఇంగ్లీషు వాళ్ళ కాలం నాటి గెజిటీర్లలో రాసి ఉన్నది లాల్‌పేట్ అనే. పెద్ద స్థలంలో, ఒక్కొక్కటీ ఒకే రాయిలో చెక్కిన భారీ విగ్రహాలు ఆకాశం కింద ఉన్నాయి. దుర్గ, గణపతి, శివలింగం, నంది. ఏదో పెద్ద గుడి కోసం చేయించి, గుడి లేవకుండానే వదిలేసినవి. అందుకే మరాఠీలో అపూర్ణ దేవాలయ అంటారు. అన్నిటికంటే పెద్ద రాయి 26 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, 3 అడుగుల మందం అని గెజిటీర్ లెక్క. మనం డ్యూటీకి పోయే బస్సులు రెండు పక్కపక్కన ఆనించి పెట్టినా ఆ వెడల్పు నిండదు. బాయిలో బండతో పని చేసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. క్రేన్ లేని రోజుల్లో అంత రాయిని నిలబెట్టాలని అనుకున్నవాడి గుండె ఎంతదో మీరే లెక్కేసుకోండి. నాగ్‌పూర్‌లో మేము టికెట్ కొని చూసిన వాటిలో దీని పక్కన పెట్టదగ్గ పరిమాణంలో ఒక్కటీ లేదు.

ఎవరు చేయించారు? రాయప్ప అనే కోమటి వ్యాపారి, గోండు రాజుల కాలంలో, శివుడి గుడి కట్టాలని మొదలుపెట్టి, పూర్తి కాకముందే పోయాడని చెప్తారు. ధుండ్యా రామ్‌షా రాజ్యం చేసిన రోజులు అని కూడా అంటారు. అంటే నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట.

ఇక గ్రూపులో వచ్చిన మాటలు.

"అది రావణుడి బొమ్మ, పిల్లలకు ఎందుకు చూపించాలి" అని ఒక అన్న రాశాడు. పది తలలు కనబడగానే రావణుడు అనుకోవడం ఊళ్ళో అలవాటైంది, నిజమే. కానీ అది అమ్మవారు. దేవీ మాహాత్మ్యం పారాయణ చేసే ఇళ్ళలో పది ముఖాల మహాకాళి కొత్తేమీ కాదు. చైత్రంలో మన తెలంగాణ నుంచి, నాందేడ్ వైపు నుంచి జనం వేలకు వేలు చంద్రపూర్ మహాకాళి దర్శనానికి వస్తారు. మన ఇళ్ళలోనే దిగుతారు, మనమే ఆటో మాట్లాడి పంపిస్తాం. అదే ఊళ్ళో పది ముఖాల తల్లి ఇంత పెద్ద రాయిలో ఉంటే, ఆమెకు రాక్షసుడి పేరు పెట్టి పక్క నుంచి పోతాం. అశుభం ఏదైనా ఉంటే ఇందులో ఉంది.

"గవర్నమెంట్ చూసుకుంటది, మనకెందుకు" అన్నది రెండో మాట. కంచె, కాపలా ప్రభుత్వం పనే, కాదనం. కానీ 2017లో ఎకో-ప్రో సంస్థ పిల్లలు చంద్రపూర్ కోట గోడ మీద పెరిగిన చెట్లూ చెత్తా తీయడం మొదలుపెట్టి, నెలల తరబడి పొద్దున్నే లేచి చేశారు. ఆ గోడ మాత్రం వాళ్ళ తాతది కాదు కదా!

అన్నిటికంటే మాకు కోపం తెప్పించింది మూడో మాట. దాని మీద కొంచెం ఎక్కువే రాస్తాం. "అది గోండులది, మరాఠీ వాళ్ళది, మన తెలుగువాళ్ళకు సంబంధం లేదు. మనం బతకనీకి వచ్చినోళ్ళం." పెద్దలు రాసిన మాట కాబట్టి మర్యాదగానే అడుగుతాం. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ ఊళ్ళ నుంచి మన తాతలు ఈ బాయిల్లోకి వచ్చింది నిన్నా మొన్నా కాదు. 1973లో బొగ్గు గనుల్ని జాతీయం చేసేనాటికే ఇక్కడ మన లైన్లు ఉన్నాయి. ఇక్కడే ఓటు, ఇక్కడే రేషన్ కార్డు, ఇక్కడి మట్టిలోనే మన ముసలివాళ్ళు కలిశారు. ఇంకా ఎన్ని తరాలు "వచ్చినోళ్ళం"గా ఉందాం?

మనవాళ్ళు హైదరాబాద్ చుట్టాల ఇంటికి పోతే సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా రారు. ముసుగు రెబెక్కా ముందు నిలబడి, రాయిలో అంత పల్చటి మేలిముసుగు ఎట్లా చెక్కాడా అని నోరు తెరిచి చూస్తారు. చూడాల్సిందే. కానీ అది ఎవరిది? చెక్కినవాడు బెంజోని అనే ఇటలీ శిల్పి. ఆ అమ్మాయి బైబిల్ కథలోది. 1876లో రోమ్‌లో కొని తెచ్చింది నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్. ఇందులో మన తాత చెయ్యి ఎక్కడుంది? అయినా "మన హైదరాబాద్‌ది" అని గర్వంగా ఫోటో పెడతాం. తెచ్చినవాళ్ళు దాచారు, దాచినదాన్ని జనం చూశారు, చూసి చూసి అది ఊరిదైంది. లాల్‌పేట్ రాళ్ళను ఎవరూ ఎక్కడి నుంచీ తేలేదు. అవి మనకంటే ముందు నుంచి మన పక్కింట్లో ఉన్నాయి.

దీనికి ఎదురు వైపు నుంచి కూడా ఒక మాట వచ్చింది, అదీ మాకు నచ్చలేదు. రాయప్ప కోమటి అంటే తెలుగువాడే, కాబట్టి ఇది తెలుగువాళ్ళ సొత్తు, బ్యానర్ కడదాం అని ఇద్దరు తమ్ముళ్ళు ఉత్సాహపడ్డారు. ఆ కులం పేరు తెలుగు నేలను గుర్తుచేస్తుంది, నిజమే, మాకూ సంతోషమే. కానీ డబ్బు ఒక వ్యాపారిది, రాజ్యం గోండులది, ఉలి పట్టిన చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అక్కడ జెండా పాతితే రేపు ఇంకో నాలుగు సంఘాలు ఇంకో నాలుగు జెండాలతో వస్తాయి. జెండాలు మిగులుతాయి, రాళ్ళు అట్లాగే ఎండలో ఉంటాయి. బ్యానర్ వద్దు తమ్మీ. గోండు సంఘం వాళ్ళను, పక్క వాడ మరాఠీ మిత్రులను పిలిచి కలిసి పోదాం.

ఇక తోరణం. తోరణం కట్టొద్దని మేము అనడం లేదు, చందాలు వేసి కట్టండి, దాతల పేర్లు ఇత్తడి అక్షరాల్లో రాయండి, ఒక పేరు ఎక్కువ లావుగా ఉందని కొట్లాడుకోండి, అదంతా మనకు మామూలే. కానీ పిల్లల యాత్ర డబ్బు తీసి అందులో పోయకండి. తోరణం కింద నిలబడి వచ్చిన చుట్టానికి స్వాగతం చెప్పాక, లోపల ఏం చూపిస్తారు?

ఆదివారం మేము పెట్టబోయే తీర్మానం ఇది. విహారయాత్ర పద్దు అట్లాగే ఉండాలి. ప్రతి ఏడాది యాత్ర మొదలయ్యేది లాల్‌పేట్ రాళ్ళ దగ్గర నుంచే, తర్వాతే నాగ్‌పూర్ అయినా, హైదరాబాద్ అయినా. దానికి కిరాయి కూడా అక్కర్లేదు, నడిచి పోవచ్చు. ఏ విగ్రహం ఏదో, కొలతలు ఎంతో, తెలుగులో, మరాఠీలో ఒక కాగితం తయారు చేసి పిల్లల చేతికి ఇవ్వాలి. మన పిల్లలు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు మీడియాల్లో చదువుతున్నారు. తెలుగు అక్షరాలు వాళ్ళకు పెళ్ళి పత్రికల్లోనే కనబడుతున్నాయి. ఈ కాగితమైనా కూడబలుక్కుని చదవనీ. సంఘం లెటర్‌హెడ్ మీద పురావస్తు శాఖకు ఒక అర్జీ రాయాలి, అక్కడ మంచి వివరాల బోర్డు, నీడ, శుభ్రత కావాలని. అప్పటిదాకా మనవాళ్ళెవరూ భక్తి పేరుతో ఆ రాళ్ళకు నూనె పోయడం, ఆయిల్ పెయింట్ వేయడం చేయొద్దు. శాఖ అనుమతి లేకుండా చీపురు కూడా పెట్టొద్దు.

అర్జీ మరాఠీలో రాసే పని మాలో ఒక అక్క ఒప్పుకుంది. కాగితానికి కొలతలు తీసే పని కాకది. ఆయనకు టేపు పట్టడానికి ఇద్దరు పిల్లలు కావాలి, శనివారం పొద్దున ఏడు గంటలకు. ఇంకొకటి. మీ ఇళ్ళలో పాత ట్రంకు పెట్టెల్లో, ఆ రాళ్ళ మీద కూర్చునో పక్కన నిలబడో దిగిన ఫోటోలు ఉంటాయి. మీ బాపు మొదటి జీతంతో ఫోటోగ్రాఫర్‌ను పిలిపించుకుని దిగింది కావచ్చు, పెళ్ళైన కొత్తలో అమ్మతో దిగింది కావచ్చు. ఫోన్‌తో ఫోటో తీసి ఈ పోస్టు కింద పెట్టండి, ఏ సంవత్సరమో గుర్తుంటే రాయండి. ఆదివారం సమావేశానికి వాటిని పెద్దగా ప్రింటు తీయించి తెస్తాం.