రెండు టన్నుల బండి, 60 రోజుల గడువు

ఆకుపచ్చ రంగు, అగ్గిపెట్టెలాంటి బాడీ, నేలకు చాలా ఎత్తులో బొడ్డు. ఆఫ్‌రోడ్ రీల్స్ ఓ రెండు లైక్ కొట్టారంటే మూడోదిగా ఈ బండి మీ ఫోన్‌లోకి వచ్చేస్తుంది. పేరు పింజ్‌గావర్. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో స్టెయిర్-డైమ్లర్-పుఖ్ కంపెనీ 1971లో దీని తయారీ మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ సైన్యం పెద్ద సంఖ్యలో కొని, దశాబ్దాలపాటు వాడి, తర్వాత వేలం వేసింది. అలా వేలంలో అమ్ముడైన బండ్లే సముద్రం దాటి అమెరికా కొండల్లో తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి మా కాలేజీ సీనియర్‌ది. సియాటెల్ దగ్గర ఉంటాడు, పగలు క్లౌడ్ సర్వర్లు, శనివారం గ్రీజు. ఆ శనివారాల్లో కొన్నిటికి నేను స్పానర్లు అందించాను.

అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతకి కొన్నాడు?’ అని. ఈ కథలో అది చిన్న ప్రశ్న.

ముందు బండి సంగతి. పింజ్‌గావర్‌కు అన్నలాంటిది హాఫ్లింగర్ అనే బుల్లి ట్రక్కు. రెండూ గుర్రపు జాతుల పేర్లే. హాఫ్లింగర్‌ను డిజైన్ చేసింది ఎరిక్ లెడ్వింకా. ఆయన తండ్రి హాన్స్ లెడ్వింకా చెకోస్లవాకియాలో టాట్రా కంపెనీ ఇంజినీరు. నిచ్చెనలాంటి చాసిస్ బదులు మధ్యలో ఒక లావుపాటి గొట్టాన్ని వెన్నెముకలా పెట్టి, దాని లోపలి నుంచే షాఫ్ట్ పంపి, చక్రాలను అటూ ఇటూ విడివిడిగా ఊగనివ్వడం తండ్రి పద్ధతి. కొడుకు దాన్నే కొండ బండికి తెచ్చాడు. మన రిపబ్లిక్ డే పరేడ్‌లో రాకెట్ లాంచర్లు మోసుకొచ్చే టాట్రా ట్రక్కుల కింద ఉన్నది కూడా ఆ గొట్టమే. టీవీలో ఈసారి చూసినప్పుడు రాకెట్ మీంచి చూపు కొంచెం కిందికి దించండి.

మామూలు జీపులో యాక్సిల్ చక్రం మధ్యలోకే వెళ్తుంది. అందుకే ఆ డిఫరెన్షియల్ గుండు ప్రతి రాయికీ తగులుతుంది. పింజ్‌గావర్‌లో ప్రతి చక్రం దగ్గరా ఒక జత గేర్లు అదనంగా పెట్టి, యాక్సిల్‌ను చక్రం మధ్య కన్నా పైకి ఎత్తారు. దీన్నే పోర్టల్ యాక్సిల్ అంటారు. దాంతో నేలకూ బండికీ మధ్య 335 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చింది. 2020 థార్‌కు 226. ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులను బండి కదులుతుండగానే లీవర్ లాగి వేయొచ్చు. ఇంజిన్ రెండున్నర లీటర్లది, నాలుగు సిలిండర్లు, గాలితోనే చల్లబడుతుంది. రేడియేటర్ లేదు, కాబట్టి పగిలేదీ లీకయ్యేదీ లేదు. బండి ఎంత ఏటవాలుగా ఉన్నా ఆయిల్ అందడానికి రెండు పంపులు పెట్టారు. ఇంజిన్ ఉండేది బానెట్ కింద కాదు, డ్రైవర్‌కూ పక్క సీటుకూ మధ్యలో. బయట మంచు పడుతుంటే సీట్లో కూర్చునే మూత తీసి చూసుకోవచ్చు. వేసవిలో అదే మూత మీ కాలిని ఉడకబెడుతుంది, అది వేరే సంగతి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే స్విస్ సైన్యంలో ఎక్కువమంది పూర్తికాలం సైనికులు కారు. బ్యాంకులో, బేకరీలో పనిచేసే కుర్రాళ్లే ఏడాదికి కొన్ని వారాలు యూనిఫాం వేసుకుంటారు. వాళ్లు నడిపినా చెడకూడదు, చెడితే వాళ్ల చేతికే బాగుపడాలి. అలా డిజైన్ చేశారు. పైగా తిరిగింది తక్కువ, సర్వీస్ అయింది ఎక్కువ. మా సీనియర్ పడిపోయింది ఈ మాటకే.

ఇక కాగితాల భాగోతం. అమెరికాలోకి బయటి దేశపు బండి రావాలంటే అక్కడి భద్రతా ప్రమాణాలన్నీ పాటించాలి. వయసు 25 ఏళ్లు దాటితే ఆ షరతు ఉండదు. ఆ లెక్క మోడల్ సంవత్సరంతో కాదు, తయారైన నెలతో చూస్తారు. దీనికి హెచ్‌ఎస్-7 అనే ఫారం. కాలుష్యం సంగతి చూసే ఈపీఏకు 3520-1 అని ఇంకో ఫారం. అక్కడ 21 ఏళ్లు చాలు గానీ ఇంజిన్ అసలు స్థితిలో ఉండాలి. అంటే యూరప్‌లోనే ఎవరో ఉత్సాహవంతుడు కొత్త ఇంజిన్ బిగించి ‘అప్‌గ్రేడెడ్’ అని అమ్ముతుంటే, ఆ అప్‌గ్రేడే మీ మెడకు చుట్టుకోవచ్చు. తుపాకీ బిగించే ఏర్పాటో కవచమో ఉంటే ఆయుధాల శాఖ అనుమతి కూడా కావాలి. సాదా ట్రక్కునే కొనడానికి ఇది మంచి కారణం.

సుంకంలో ఒక కోడి కథ ఉంది. 1960ల మొదట్లో యూరప్ దేశాలు అమెరికా కోళ్ల మీద పన్ను పెంచాయి. బదులుగా 1963 డిసెంబర్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం ప్రకటించాడు. కోళ్ల గొడవను అందరూ మర్చిపోయారు, ట్రక్కుల సుంకం మాత్రం మిగిలిపోయింది. ప్రయాణికుల కారుకు మూల రేటు 2.5 శాతమే. మరి పది మంది కూర్చునే బెంచీలూ, వెనక టార్పాలినూ ఉన్న పింజ్‌గావర్ కారా, ట్రక్కా? సుంకం మొత్తం ఆ ఒక్క జవాబును బట్టి మారిపోతుంది. దీని మీద ఈమధ్య సుంకాల మార్పులు వేరే. అందుకే ఓడ బుక్ చేసే ముందే కస్టమ్స్ బ్రోకర్‌తో ఈ మాట రాతపూర్వకంగా తేల్చుకోవాలి. సరుకు ఓడలోకి ఎక్కడానికి 24 గంటల ముందే దాని వివరాలు అమెరికా కస్టమ్స్‌కు పంపాలి. లేటైతే జరిమానా 5,000 డాలర్ల దాకా ఉంటుంది.

వీటన్నిటికన్నా మా వాణ్ని భయపెట్టింది బురద. విదేశీ మట్టిలో పురుగులూ తెగుళ్లూ వస్తాయని అమెరికా వ్యవసాయ శాఖ మట్టి అంటిన బండిని లోపలికి రానివ్వదు. ఆఫ్‌రోడ్ ట్రక్కు అంటేనే 40 ఏళ్లుగా సందుసందునా మట్టి. రేవులో పట్టుబడితే కడిగించే ఖర్చు మనదే, కుదరకపోతే వెనక్కి పంపే ఖర్చూ మనదే. అమ్మకందారు పంపిన ‘శుభ్రంగా ఉంది’ ఫొటోలన్నీ పైనుంచి తీసినవి. ‘కింద పడుకుని ఫెండర్ల లోపల తియ్యి’ అని అడిగితే అప్పుడు బయటపడింది అసలు రంగు. ఓడ ఎక్కకముందే ఆవిరితో కడిగించాడు. నా లెక్కలో ఆ డబ్బు ఇంజిన్ మీద పెట్టినదానికన్నా బాగా పనికొచ్చింది.

బండి వచ్చాక అందరికీ స్టార్ట్ చేయాలనే ఆత్రం. మా వాడు మొదట పట్టుకుంది బ్రేకులు. రెండు టన్నులు కదలకపోతే ఎవరికీ ఏమీ కాదు, ఆగకపోతేనే ప్రమాదం. తక్కువ తిరిగిన బండి అన్న సంబరం ఇక్కడే దిగుతుంది. ఇనుము కిలోమీటర్ల లెక్కన అరుగుతుంది, రబ్బరు క్యాలెండర్ లెక్కన ముసలిదవుతుంది. బ్రేకు పైపులు, వీల్ సిలిండర్ల లోపలి సీళ్లు, పెట్రోల్ పైపులు, టైర్లు అన్నీ అంతే. టైరు గోడ మీద తయారీ వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. చివర నాలుగు అంకెలు కాకుండా మూడే కనిపించాయంటే ఆ టైరు 2000కు ముందుది. గుండీలు ఎంత లోతుగా ఉన్నా తీసి పారేయడమే.

పెట్రోల్ పైపులకు ఇంకో శత్రువు ఇథనాల్. అమెరికా పెట్రోల్‌లో మామూలుగా 10 శాతం ఉంటుంది, పాత రబ్బరును అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇంజిన్ మీ మోకాలి పక్కనే ఉన్న బండిలో పెట్రోల్ లీకు చిన్న విషయం కాదు. మన దగ్గర ఇప్పుడు 20 శాతం కలుపుతున్నారు. నాన్నగారి పాత స్కూటరో మారుతి 800నో షెడ్డులోంచి తీద్దామనుకునేవాళ్లు కూడా ముందు ఆ పైపులు మార్చండి.

కరెంటు 24 వోల్టులు. తెలియక మామూలు కారు స్టీరియో తగిలిస్తే కాలిపోతుంది, మధ్యలో కన్వర్టర్ ఉండాలి. సైన్యం రేడియోలకు గరగర రాకుండా స్పార్క్ ప్లగ్గుల నుంచి వైర్ల దాకా లోహపు తొడుగు వేశారు. ఆ తరహా ప్లగ్గు పక్క షాపులో దొరకదు. ప్రతి చక్రం దగ్గరి గేర్లకూ విడివిడిగా ఆయిల్ ఉంటుంది, విడివిడిగానే చూసుకోవాలి. నాలుగు చోట్ల వంగి చూశాక నడుం మీద గౌరవం పెరుగుతుంది.

తర్వాత రంగు గొడవ. ఒక వర్క్‌షాప్ అతను వచ్చి చూసి, మొత్తం గీకేసి కొత్తగా రంగు కొడదాం, అమెరికన్ ఇంజిన్ వేద్దాం, లెదర్ సీట్లు పెడదాం అన్నాడు. సీనియర్ నా వైపు చూశాడు. “అన్నా, అవన్నీ కావాలంటే కొత్త జీపు కొనుక్కోవచ్చు కదా” అన్నాను. తుప్పు తినే చోట్ల మాత్రం గీకి, ప్రైమర్ కొట్టి, అదే ఆకుపచ్చ అద్దాం. డాష్‌బోర్డు మీది జర్మన్ హెచ్చరిక రేకులు అలాగే ఉంచాం. అవి చదవడానికి ఫోన్‌లో గూగుల్ లెన్స్ ఉంది కదా.

ఒక విషయంలో మాత్రం నేను రాజీపడను. వెనక బెంచీలు పక్కకు తిరిగి ఉంటాయి, ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. హైవే మీద ట్రాఫిక్ వేగం అందుకోవడమే కష్టం. ఆ బెంచీల మీద పిల్లల్ని కూర్చోబెట్టి రీల్ తీసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా సీనియర్ ఉన్నది హెచ్-1బీ మీద. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో, దేశం వదలడానికో గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు ఖాళీ చేయొచ్చు, టయోటా క్యామ్రీ ఒక్క సాయంత్రంలో అమ్మొచ్చు. సగం విప్పిన పింజ్‌గావర్‌ను 60 రోజుల్లో ఎవరు కొంటారు? పోనీ ఇండియాకు తెద్దామంటే మన నిబంధనల్లో మామూలుగా మూడేళ్లు దాటని, కుడివైపు స్టీరింగ్ ఉన్న వాడిన కార్లకే దారి. ఇది ఎడమ స్టీరింగ్ ముసలిది. కాబట్టి అతను పెట్టుకున్న నియమం ఒకటే. ఒకసారి విప్పింది బిగించేదాకా ఇంకోటి విప్పడు. ఆదివారం రాత్రికి బండి తన చక్రాల మీద తను కదలాలి. బ్రేకుల పని నాలుగు వారాంతాలు పట్టింది, వారానికి ఒక చక్రం. చుట్టుపక్కల వాళ్లకు అది నత్తనడకలా కనిపించింది. తన పరిస్థితి తెలిసినవాడికి అంతకన్నా మంచి ప్లాన్ నాకు కనిపించలేదు. ఏ రోజు ఏం మార్చాడో తేదీలతో ఒక ఫైలు కూడా పెట్టాడు, రేపు కొనేవాడి కోసం.

మరి ఇక్కడే ఉండి ఇలాంటి మోజున్నవాళ్ల సంగతి? జోంగా ఉంది. నిస్సాన్ పెట్రోల్ 60 ఆధారంగా జబల్‌పూర్‌లో 1969 నుంచి 1999 దాకా మన సైన్యం కోసం తయారైంది. ధోనీ ఒకటి బాగుచేయించుకున్నాక దీని పేరు మళ్లీ వినిపిస్తోంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 2021 కేంద్ర నిబంధనల ప్రకారం ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు, ర్యాలీలకూ ప్రదర్శనలకూ రిపేర్లకూ మాత్రమే.

చాలా జోంగాల్లో పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ పెట్టారు. చూడ్డానికి వెళ్తే ముందు ఆర్సీ అడగండి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, ఇంధనం రకం మూడూ బండితో కలవాలి. కలవకపోతే, ఎంత ముద్దొచ్చినా సరే, వాళ్లిచ్చిన టీ తాగేసి వచ్చేయండి.